మెడల్ వచ్చాక మూడు నెలలు జాగ్రత్త

వెల్దుర్తిలో పగలు పనికెళ్లి, సాయంత్రం గ్లవ్స్ తొడిగేవాళ్లను టాలెంట్ ఉందా అని నేను అడగను. పైస్థాయి సెలక్షన్ దాకా వచ్చారంటే ఉన్నట్టే. మెడల్ వచ్చిన మర్నాటి నుంచి మూడు నెలలు ఏం చేశారన్నదే నా ప్రశ్న. మంచి చెయ్యి ఉన్న బాక్సర్లు ఎక్కువగా పాడయ్యేది ఆ సన్మానాలు, ఫ్లెక్సీల రోజుల్లోనే.

1990 ఫిబ్రవరిలో, టోక్యోలో, బస్టర్ డగ్లస్ మైక్ టైసన్‌ని పదో రౌండులో పడగొట్టాడు. టైసన్ ఆ ఫైటుకి సరైన ప్రాక్టీస్ లేకుండానే వెళ్లాడు. అక్కడి స్పారింగ్‌లోనే గ్రెగ్ పేజ్ దెబ్బకి కిందపడ్డాడు కూడా. ప్రాక్టీస్ ఎగ్గొడితే ఏమవుతుందో డగ్లస్ కంటే దగ్గరగా చూసినవాడు లేడు. అయినా ఎనిమిది నెలలకే హోలీఫీల్డ్ మీదికి 246 పౌండ్ల బరువుతో వచ్చాడు. టైసన్‌తో ఆడిన నాటికంటే ఆరు కేజీలకు పైగా ఎక్కువ. మూడో రౌండులో కథ ముగిసింది. 1992లో అదే హోలీఫీల్డ్‌ని ఓడించిన రిడిక్ బో మరుసటి ఏడాది రీమ్యాచ్‌కి వచ్చినప్పుడు కాటా చూపించిందీ 246 పౌండ్లే. టైటిల్ పోయింది.

వాళ్లు హెవీవెయిట్లు కాబట్టి ఎంత పెరిగినా రింగులోకి రానిచ్చారు. మీకు ఆ వెసులుబాటు లేదు. 60 కేజీల విభాగంలో 60 కేజీల 200 గ్రాములు తూగితే బౌట్ ఆడకుండానే ఇంటికి రావాలి. గెలిచినా, తర్వాతి బౌట్ ఉన్న రోజు పొద్దున్నే మళ్లీ తూకం ఉంటుంది.

మామూలుగా జరిగేది ఇదీ. డిసెంబరులో మెడల్ వస్తుంది. సంక్రాంతి అరిసెలు, వరసగా పెళ్లి భోజనాలు, బరువు 66. మూడు వారాల్లో సెలక్షన్ అని ఫోన్ వస్తుంది. అప్పుడు తిండి మానడం, జాకెట్ వేసుకుని ఎండలో పరుగెత్తడం, చివరి రెండు రోజులు నీళ్లు కూడా తాగకపోవడం. ఎలాగో కాటా దాటతాడు. రెండో రౌండు సగానికి చేతులు కిందికి జారతాయి. తర్వాత వీడియో చూసి టెక్నిక్ పోయిందనుకుంటాడు. పోయింది టెక్నిక్ కాదు, ఒంట్లో నీళ్లు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పద్ధతి కూడా.

పొద్దున్నే, టీ తాగకముందు, రోజూ ఒకే మెషీన్ మీద తూచి పుస్తకంలో రాయండి. 60 కేజీల బాక్సర్ ఆఫ్ సీజన్‌లో 63 దాటకూడదు. దాటిన వారమే సర్దుకోవాలి. వారానికి అరకేజీ తగ్గడం ఒంటికి భారం కాదు.

గెలిచాక కూడా పట్టు వదలని మనిషి మన తెలుగువాళ్లలోనే ఉంది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కేజీల విభాగంలో వరల్డ్ చాంపియన్ అయింది. ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 50 కేజీలకు దిగి మళ్లీ స్వర్ణం కొట్టింది. వరల్డ్ టైటిల్ తర్వాత మూడు నెలలు కూడా తిరగలేదు.

ఆమెకు ట్రైనింగే పని. మీకు షిఫ్ట్ ఉంటుంది, మిరపకోతల సీజన్ ఉంటుంది. అందుకే వారానికి ఆరు రోజులు చేస్తానని కోచ్‌కి మాటివ్వకండి. నాలుగు రోజులు చెప్పి నాలుగూ చేయండి: రెండు గట్టిగా, రెండు తేలిగ్గా. వారమంతా మానేసి ఆదివారం మూడు గంటలు బ్యాగ్‌ని చితక్కొడితే మణికట్టు పోతుంది తప్ప స్టామినా రాదు. పోటీ తేదీలు మేనేజర్‌కి ముందే రాతపూర్వకంగా ఇవ్వండి. జ్వరమని లీవ్ పెట్టి, సాయంత్రం మెడల్ ఫోటో స్టేటస్‌లో పెట్టేవాళ్లున్నారు. తర్వాతి టోర్నీకి వాళ్లకి లీవ్ దొరకదు.

క్రమశిక్షణ అంటే పరుగు, తిండే కాదు, కాగితం కూడా. పర్వీన్ హుడా 2022 వరల్డ్స్‌లో కాంస్యం గెలిచిన బాక్సర్. ఆసియా క్రీడల కాంస్యంతో పారిస్ ఒలింపిక్ కోటా కూడా తెచ్చింది. డోప్ పరీక్షల కోసం తను ఎప్పుడెక్కడ ఉంటుందో ఇవ్వాల్సిన వివరాల్లో 12 నెలల్లో మూడుసార్లు తప్పింది. మందులు వాడిందని కాదు, వివరాలు సరిగా లేవని 2024లో సస్పెన్షన్ పడింది. ఆమె తెచ్చిన కోటా దేశం చేతిలోంచే జారిపోయింది.

మీ స్థాయిలో ఆ కాగితం అంటే టెన్త్ మెమోలో, ఆధార్‌లో ఒకేలా ఉండే పేరు, పుట్టిన తేదీ, ఒరిజినల్ సర్టిఫికెట్. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద ఆశ ఉంటే, ఏ స్థాయి పోటీలు, ఏ సంఘం నడిపినవి లెక్కలోకి వస్తాయో నోటిఫికేషన్‌లో చదవండి. పెద్ద కప్పు ఇచ్చే టోర్నీలన్నీ ఆ లెక్కలోకి రావు. ఎంట్రీ ఫీజు కట్టకముందే అడగండి. కట్టాక ఎవర్నడిగినా ‘వస్తుందిలే’ అనే చెబుతారు.