మూత తీయకముందే సగం పని

నరసరావుపేటలో మా బావగారి డీటీపీ షాపులో సిస్టమ్ ఆన్ చేయడం ఒక తతంగం. షట్టర్ ఎత్తగానే ముందు బటన్ నొక్కుతారు. తర్వాత ఊడ్చి, గుమ్మంలో నీళ్లు చల్లి, పటానికి అగరొత్తి వెలిగించి, ఎదుటి బండి దగ్గర టీ తాగి వచ్చేసరికి తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే తేలుతుంటాయి. పేజ్‌మేకర్ తెరుచుకోవడానికి ఇంకో రెండు నిమిషాలు. మాఘమాసం ముహూర్తాల ముందు, పెళ్లికార్డు ప్రూఫ్ కోసం నలుగురు నిలబడి ఉన్నప్పుడు ఆ చక్రం గిర్రున తిరుగుతుంటే ఆయన ముఖం చూడలేం.

"ఏమోయ్, మూడుసార్లు ఫార్మాట్ కొట్టించాను. వారం బాగుంటుంది, మళ్లీ మామూలే. కొత్తది కొనేద్దామా?" అని ఫోన్ చేశారు.

"ఆగండి బావగారూ, ఆదివారం వస్తున్నాగా" అన్నాను.

మన ఊళ్లలో నెమ్మదించిన కంప్యూటర్‌కి అందరూ రాసే మందు ఫార్మాటే. దానివల్ల వారం పాటు హాయిగా ఉండే మాట నిజం. ఆన్ అవగానే వెనక నుంచి లేచే చిల్లర ప్రోగ్రాములన్నీ పోతాయి కాబట్టి. అవి మళ్లీ చేరగానే కథ మొదటికొస్తుంది. జబ్బు ఎక్కడుందో చూడకుండా మందు వేయడమే ఇది. అందుకే స్క్రూడ్రైవర్ సంచిలోనే ఉంచి, ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అనే పేజీలో సీపీయూ, మెమరీ, డిస్క్ మూడూ ఎంతెంత పనిలో ఉన్నాయో కనబడుతుంది. సిస్టమ్ మొరాయిస్తున్న సమయంలోనే దీన్ని చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. బావగారిది 2017లో కొన్న సిస్టమ్: ఏడో తరం ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. పేజ్‌మేకర్ తెరుస్తూ చూస్తే సీపీయూ 15 శాతం, మెమరీ సగం. డిస్క్ మాత్రం 100 దగ్గర గోడకి కొట్టిన మేకులా కదలడం లేదు. వంటమనిషి ఖాళీగా కూర్చున్నాడు, సరుకులు తెచ్చేవాడు మాత్రం వీధుల్లో పరుగెడుతున్నాడు. దొంగ దొరికినట్టే. డిస్క్ కాకుండా మెమరీ 90 దాటి ఉంటే కథ వేరు. అప్పుడు కొనాల్సింది ర్యామ్.

హార్డ్ డిస్క్ ఎందుకంత నెమ్మదో లెక్క వేస్తే ఆశ్చర్యమేస్తుంది. డెస్క్‌టాప్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైచిలుకు. కావలసిన ముక్క చదివే తల కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. దానికి ముందు ఆ తల సరైన గాడి మీదికి జరగాలి, అదో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం 12 అనుకుందాం. విండోస్ లేచేటప్పుడు డిస్క్ నిండా చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలు 10,000 చదవాల్సి వస్తే, ఒక్క వెతుకులాటకే 120 సెకన్లు. దాని బదులు పెట్టుకునే ఎస్‌ఎస్‌డీలో, అంటే సాలిడ్ స్టేట్ డ్రైవ్‌లో, తిరిగే పళ్లెమూ లేదు, జరిగే తలా లేదు. ఒక్కో ముక్కకి సుమారు 0.1 మిల్లీసెకను. అదే 10,000 ముక్కలు ఒక్క సెకనులో వచ్చేస్తాయి. డబ్బా మీద పెద్దక్షరాలతో వేసే సెకనుకు 550 ఎంబీ అనే అంకె పెద్ద ఫైలు ఏకబిగిన చదివేటప్పటిది. ఆ లెక్కన హార్డ్ డిస్క్ కంటే మూడు నాలుగు రెట్లే ఎక్కువ. రోజువారీ పనిలో తేడా తెచ్చేది డబ్బా మీద కనబడని ఈ చిన్న ముక్కల వేగమే.

తర్వాత పాత డిస్క్ నాడి పట్టుకోవాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము తెరిస్తే నీలం రంగులో గుడ్ అనో, పసుపు రంగులో కాషన్ అనో చెబుతుంది. పసుపు కనబడితే, ముఖ్యంగా కరెంట్ పెండింగ్ సెక్టార్ అన్న వరసలో సున్నా కాకుండా అంకె ఉంటే, ఇక ఏ పనీ పెట్టుకోకుండా ముందు ఫైళ్లు బయటికి తీసుకోవాలి. అలాంటి డిస్క్‌ని బాగుచేద్దామని చెక్‌డిస్క్ నడిపితే ఉన్న ఊపిరి కూడా పోవచ్చు. బావగారిది నీలమే. 19,000 గంటలు పైగా తిరిగిన డిస్క్‌కి అది గొప్పే.

ఇక కొనడం. మొదట తేల్చుకోవాల్సింది ఆకారం. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మూడేళ్ల కిందట నా సొంత ల్యాప్‌టాప్ కోసం ఎం.2 రకం ఎస్‌ఎస్‌డీ తెప్పించాను. చూయింగ్ గమ్ ముక్కలా సన్నగా, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవుంటుంది కాబట్టి దాన్ని 2280 అంటారు. గాడిలో చక్కగా కూర్చుంది, స్క్రూ బిగించాను, మిషన్‌కి మాత్రం అది కనబడదు. నేను కొన్నది ఎన్‌వీఎమ్ఈ. నా బోర్డు మీది ఎం.2 గాడి సాటా రకాన్ని మాత్రమే గుర్తుపడుతుంది. రెండూ చూడ్డానికి ఒకటే, మాట్లాడే భాష వేరు. బోర్డు మోడల్ పేరు పట్టుకుని కంపెనీ మాన్యువల్‌లో ఒక్క పేజీ చదివి ఉంటే సరిపోయేది.

బావగారి బోర్డు మీద ఎం.2 గాడే లేదు కాబట్టి ఆ తలనొప్పి లేదు. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ చాలు. "అదేదో సెకనుకి 3,500 ఎంబీ వచ్చేది ఉందటగా?" అన్నారు ఆయన. ఉంది. కానీ 2001 నాటి పేజ్‌మేకర్ 7లో పెళ్లికార్డు తెరవడానికి ఆ తేడా కంటికి ఆనదు.

సైజు సంగతికొస్తే, సీ, డీ డ్రైవ్‌లు రెండూ కలిపి నిండింది 260 జీబీ. 500 జీబీది తీసుకున్నాం. ఎస్‌ఎస్‌డీని గొంతుదాకా నింపితే రాయడం నెమ్మదిస్తుంది, అయిదో వంతయినా ఖాళీ ఉంచాలి. బిగించాక విండోస్ 465 జీబీ అనే చూపిస్తుంది, ఎవరూ మోసం చేయలేదు. కంపెనీ 1,000తో లెక్క కడితే విండోస్ 1,024తో కడుతుంది.

డబ్బా మీద టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అని ఉంటుంది. ఒక్కో గదిలో మూడు బిట్లు దాచేది మొదటిది, నాలుగు కుక్కేది రెండోది. రెండోది చవక, కానీ నెమ్మది, త్వరగా అరుగుతుంది. నేను టీఎల్‌సీకే ఓటేస్తాను. అరుగుదల గురించి అతి భయం కూడా అక్కర్లేదు. మేం తీసుకున్నదాని మీద 300 టీబీడబ్ల్యూ అని ఉంది, అంటే 300 టెరాబైట్లు రాసేదాకా కంపెనీ పూచీ. రోజుకి 20 జీబీ రాసినా 15,000 రోజులు, నలభయ్యేళ్లు పైమాటే. అయిదేళ్ల వారంటీ కాలం ముందే ముగుస్తుంది. భయపడాల్సింది పేరూ ఊరూ లేకుండా నమ్మశక్యం కాని ధరకి 2 టీబీ అని అమ్మే సరుకుకి. వాటిలో కొన్ని లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, పైకి పెద్ద అంకె చూపిస్తాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండేలా చూసుకోవాలి. సాటా డేటా కేబుల్ డబ్బాలో సాధారణంగా రాదు, అదొకటి విడిగా అడగాలి. ఆదివారం సాయంత్రం కేబుల్ కోసం ఊరంతా తిరిగినవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది.

ఇప్పుడైనా మూత తీద్దామా అని బావగారు. ఇంకా లేదు. ముందు ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి ఎక్కించాం. ఎనిమిదేళ్ల పెళ్లికార్డులు, కరపత్రాలు, అను ఫాంట్లతో కొట్టిన ఊరి దేవాలయ శిలాఫలకాల మ్యాటర్లు. ఆ డిస్క్ పీకేసి బీరువాలో పెట్టాకే తర్వాతి పని. ల్యాప్‌టాప్ అయితే ఇంకో సంగతి చూడాలి: బిట్‌లాకర్ గానీ, డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ నడుస్తోందేమో. నడుస్తుంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, పని అయ్యేదాకా దాన్ని ఆపి ఉంచాలి.

విండోస్ కొత్తగా ఎక్కించాలా, పాతదాన్నే ఉన్నదున్నట్టు క్లోన్ చేయాలా? కొత్తదే శుభ్రమని నా అభిప్రాయం. కానీ పేజ్‌మేకర్ సీడీ ఎక్కడుందో ఆయనకే తెలియదు, అను ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు అన్నీ మళ్లీ సర్దుకోవాలి. మూడోసారి ఫార్మాట్ తర్వాత అదంతా దారికి రావడానికి నాలుగు రోజులు పట్టిందట. క్లోన్ అనే తేల్చాం.

అప్పుడు తీశాం మూత. సిస్టమ్ ఆపి, వెనక స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటూ పోతుంది. క్యాబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ వదులుతుంది. లోపల దుమ్ము దూదిపింజల్లా ఉంది, ఒక సాలీడు కాపురం కూడా. బ్రష్‌తో దులిపాం. ఎస్‌ఎస్‌డీకి రెండు తీగలు: బోర్డు నుంచి సన్నటి డేటా కేబుల్, పవర్ సప్లై నుంచి వెడల్పాటిది. రెండిటి మూతులూ ఎల్ ఆకారంలో ఉంటాయి, తిరగేస్తే పట్టవు, బలవంతం చేయకూడదు. డీవీడీ డ్రైవ్ వాడి ఏళ్లయింది, దాని పవర్ తీగ తీసి దీనికి పెట్టాం. కదిలే భాగాలు లేవు కాబట్టి ఎలా పడుకోబెట్టినా ఫరవాలేదు. పెద్ద డిస్క్ గూటిలో బ్రాకెట్‌తో రెండు స్క్రూలు బిగించాం. పది నిమిషాల పని. పదిసార్లు ఫోన్‌లో ఫోటో తీసుకోవడంతో కలిపి.

మళ్లీ ఆన్ చేసి, ఎస్‌ఎస్‌డీ కంపెనీ ఇచ్చే క్లోనింగ్ ప్రోగ్రాము తెరిచాం. ఇక్కడ ఊపిరి బిగపట్టాల్సిన తెర ఒక్కటే ఉంటుంది: ఏది సోర్సు, ఏది టార్గెట్. తారుమారైతే ఖాళీ డిస్క్ నిండు డిస్క్ మీద ఎక్కి కూర్చుంటుంది. సైజూ, మోడల్ పేరూ బావగారి చేత పైకి చదివించి, అప్పుడు నొక్కాను. పెద్ద డిస్క్ నుంచి చిన్నదానికి వెళ్తున్నాం కాబట్టి పార్టిషన్లు కుదించగల ప్రోగ్రామే కావాలి. క్లోన్‌జిల్లా మంచిదే కానీ, మామూలు పద్ధతిలో తనకంటే చిన్న డిస్క్‌ని ఒప్పుకోదు. 260 జీబీకి గంటన్నర పట్టింది. యూపీఎస్ ఉండబట్టి మధ్యలో రెండు నిమిషాలు కరెంట్ పోయినా గండం గడిచింది.

అయ్యాక ఆపి, పాత డిస్క్ తీగలు రెండూ పీకేశాం. మొదటిసారి లేచేటప్పుడు కొత్తది ఒక్కటే ఉండాలి. రెండూ ఉంటే కవలల్లో ఎవరెవరో విండోస్‌కి తెలియక ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది, లేదా మీరు పాతదాని మీదే పనిచేస్తూ ఎస్‌ఎస్‌డీ ఏమీ మారలేదని తిట్టుకుంటారు. మాకు నల్లటి తెర మీద బూట్ డిస్క్ లేదని వచ్చింది. బావగారు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆన్ చేస్తూనే డిలీట్ మీట నొక్కి బయోస్‌లోకి వెళ్తే, బూట్ వరసలో ఇంకా పాత డిస్క్ పేరే ఉంది. కొత్తదాన్ని పైకి తెచ్చి సేవ్ చేశాం. అర నిమిషం లోపు డెస్క్‌టాప్. పేజ్‌మేకర్ మీద రెండు క్లిక్కులు కొట్టగానే తెరుచుకుంది.

తర్వాత మిగిలింది చిన్న చూపు మాత్రమే. విండోస్‌లోని ఆప్టిమైజ్ డ్రైవ్స్‌లో సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని కనబడితే చాలు, చెరిపేసిన గదులను ఖాళీ చేసే ట్రిమ్ పని అదే చూసుకుంటుంది. బయటి డీఫ్రాగ్ ప్రోగ్రాములు తీసేయాలి. బావగారికి ఒక సంగతి ఖరాఖండీగా చెప్పాను: హార్డ్ డిస్క్ పోయే ముందు టక్ టక్ మని చప్పుడు చేసి చెబుతుంది చాలాసార్లు, ఎస్‌ఎస్‌డీ చెప్పాపెట్టకుండా పోగలదు, ట్రిమ్ అయిపోయిన ఫైలు తిరిగి రాబట్టడం కూడా దాదాపు కుదరదు. శనివారం శనివారం బ్యాకప్ తప్పదు. ఇంకోటి, విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఈ ఏడో తరం ఐ3ని విండోస్ 11 తన అర్హుల జాబితాలో చేర్చుకోలేదు. ఆ లోటుని ఎస్‌ఎస్‌డీ తీర్చలేదు. అందుకే బ్యాంకు పనులు ఈ సిస్టమ్‌లో వద్దన్నాను.

పాత డిస్క్ నెల రోజులు అట్టపెట్టెలో, తేదీ రాసి. అంతా సవ్యంగా ఉందనుకున్నాకే చెరిపేయడం. షాపు డిస్క్ కదా, జిరాక్సుకీ స్కానింగుకీ వచ్చినవాళ్ల ఆధార్ కార్డులూ, కుల ధ్రువీకరణ పత్రాలూ, టెన్త్ మార్కుల జాబితాలూ వందలకొద్దీ ఉన్నాయి అందులో. క్విక్ ఫార్మాట్ వాటిని దాచిపెడుతుందే తప్ప తుడిచేయదు. మొత్తం డిస్క్ మీద ఒకసారి సున్నాలు రాయించాలి. పాతసామాను వాడికి ఇచ్చేటట్టయితే ముందు పళ్లానికి డ్రిల్లుతో చిల్లు పెట్టించండి అన్నాను. చూద్దాంలే అన్నారు, అంటే పెట్టించరని అర్థం. సున్నాలు మాత్రం నేనే వచ్చి రాయిస్తానన్నాను.

సాయంత్రం బయల్దేరబోతుంటే కౌంటర్ కింద ఉన్న రెండో సిస్టమ్ చూపించి, "దీనికీ ఒకటి తెప్పించేద్దామోయ్, డబ్బులు ఇప్పుడే ఇచ్చేస్తా" అని జేబులో చెయ్యి పెట్టారు. కుర్చీ లాక్కుని కూర్చుని మూడు మీటలూ నొక్కాను. ర్యామ్ 2 జీబీ. మెమరీ 96 శాతం.