ముందు నీరు, తర్వాత కొనేవాళ్లు, ఆపైన యంత్రం

చిరంజీవి మనవరాలికి,

నీ టర్బైన్ డ్రాయింగులు అందాయి. రెక్కల వంపు చక్కగా కుదిరింది. కంపెనీ పేరు, లోగో కూడా సిద్ధమట. ఇక పెట్టుబడి దొరకడమే తరువాయి అని రాశావు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది తల్లీ! నీటి అడుగున కరెంటు తీయబోయిన కంపెనీలు ప్రపంచంలో చాలానే పుట్టాయి. వాటిలో ఏవి నిలిచాయి, ఏవి మూతపడ్డాయి అన్నది రెక్కల వంపు ఒక్కటే తేల్చలేదు.

ముందు లెక్క చూడు. పారే నీటిలోని శక్తి వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. వేగం ఐదో వంతు తగ్గితే శక్తి సగానికి పడిపోతుంది. నీరు సెకనుకు 1 మీటరు వేగంతో పారుతుంటే, 1 చదరపు మీటరు అడ్డకోతలో ఉండేది 500 వాట్లు. అదంతా చేతికి రాదు. గాలిమరల కోసం ఆల్బర్ట్ బెట్జ్ 1919లో తేల్చిన హద్దు విశాలంగా పారే నీటికీ వర్తిస్తుంది: 59.3 శాతానికి మించి లాగలేం. బేరింగులూ జనరేటరూ తినేది పోను, చిన్న యంత్రానికి 35 శాతం దక్కితే పనితనం బాగున్నట్టే.

ఈ లెక్కను గోదావరి డెల్టాకి వేసి చూడు. కాలువ సెకనుకు 0.7 మీటర్ల వేగంతో పారుతోందనుకుంటే, చదరపు మీటరు టర్బైన్‌కి దక్కేది 60 వాట్లు. పాతకాలపు సీలింగ్ ఫ్యానుకి కూడా చాలదు. రాత్రింబవళ్లు తిరిగినా రోజుకి ఒకటిన్నర యూనిట్లు దాటదు. మేడమీద పెట్టిన 550 వాట్ల సోలార్ పలక ఒక్కటి, ఎండ బాగా కాసిన రోజున, అంతకన్నా ఎక్కువే ఇస్తుంది. పైగా వేసవిలో కాలువలు కట్టేస్తారు. పారే నెలల్లో గుర్రపు డెక్క కొట్టుకొచ్చి చుట్టుకుంటుంది.

అదే నీరు సెకనుకు 2 మీటర్ల వేగం అందుకుంటే చదరపు మీటరుకి 1,400 వాట్లు, అంటే రోజుకి 33 యూనిట్ల పైమాటే. కాబట్టి వెతకాల్సింది నీరు ఇరుకై ఉరకలెత్తే చోటు: తూము దిగువన, వంతెన ఖానాల మధ్య, లైనింగ్ వేసిన, వాలు ఎక్కువున్న కాలువలో. నీరు ఎత్తు నుంచి పడే డ్రాప్ దొరికిందా, అక్కడ మామూలు మినీ హైడలే మేలు. నిడదవోలు దగ్గర చెట్టిపేటలో ఏపీ జెన్‌కోకి ఉన్న 1 మెగావాట్ కేంద్రం అలాంటిదే.

సముద్రం సంగతీ చూడాలి. విశాఖ దగ్గర ఆటుపోట్ల తేడా రెండు మీటర్లలోపే. గుజరాత్‌లోని కాంబే సింధుశాఖలో అది 11 మీటర్ల దాకా వెళ్తుంది. అయితే నీరున్నంత మాత్రాన ప్రాజెక్టు నిలబడదు. గుజరాత్‌లోనే కచ్ సింధుశాఖలో 2011లో మొదలైన 50 మెగావాట్ల ప్రతిపాదన కాగితం దాటలేదు. బెంగాల్ సుందరవనాల్లో 3.75 మెగావాట్ల దుర్గాదువాని ప్రాజెక్టు ఖర్చు భరించలేక ఆగిపోయింది.

రెండో ప్రశ్న, ఆ కరెంటు ఎవరు కొంటారు?

అలాస్కా నైరుతి మూలన ఇగ్యూగిగ్ అనే పల్లె ఉంది. జనాభా 70 దాకా ఉంటుంది. అక్కడికి డీజిల్ విమానంలోనో పడవలోనో చేరాలి. ఊరి పక్కనే ఇలియమ్నా సరస్సు నుంచి క్విచాక్ నది వడిగా బయటికొస్తుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి చెందిన ఓషన్ రెన్యూవబుల్ పవర్ కంపెనీ 2014, 2015 వేసవుల్లో అక్కడ తన రివ్‌జెన్ యంత్రాన్ని పరీక్షించి, 2019లో నదిలో దించింది. ఆ ఏడాది లైసెన్సు తీసుకున్నది కంపెనీ కాదు, ఊరి కౌన్సిలే. ఊరికి ఆ నది సాల్మన్ చేపలు ఎదురీదే దారి. అందుకని నీటిలో కెమెరాలు పెట్టి, రెక్కల దగ్గర చేపలు ఎలా మసలుతున్నాయో కనిపెట్టారు. అక్కడ ఈ కరెంటు పోటీపడింది పెద్ద గ్రిడ్‌తో కాదు, విమానంలో వచ్చే డీజిల్‌తో.

ఇంకా చిన్న ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఐఐటీ మద్రాసు బృందం 2022లో తూత్తుకుడి తీరానికి 6 కిలోమీటర్ల దూరంలో, 20 మీటర్ల లోతున్న చోట సింధుజ-1 అనే అలల యంత్రాన్ని పరీక్షించింది. అది తీసింది 100 వాట్లే. వంద వాట్లకి ఇంత హడావిడి ఎందుకని నవ్వకు. నడిసముద్రంలోని పరిశీలన బోయాకి బ్యాటరీ మార్చాలంటే ఓడ వెళ్లాలి. ఆ ఓడ ఖర్చు ముందు ఏ యూనిట్ రేటూ ఎక్కువ అనిపించదు. భీమవరం రొయ్యల రైతుకీ ఏరియేటర్ల డీజిల్ ఖర్చు బాగా తెలుసు, కరెంటు దొరికితే కొంటాడు. కాకపోతే చెరువు నీరు పారదు. నీరూ కొనేవాళ్లూ ఒకచోట కలవడమే ఈ వ్యాపారంలో కష్టమైన భాగం.

ఆ రెండూ దొరికాక యంత్రం. న్యూయార్క్ ఈస్ట్ నదిలో వెర్డంట్ పవర్ కంపెనీ 2006 నుంచి 5 మీటర్ల వ్యాసమున్న టర్బైన్లను దించింది. ప్రవాహం ధాటికి మొదటి రెక్కలు విరిగాయి. కొత్త రెక్కలు తయారుచేసుకుని, చేపల మీద ఏళ్ల తరబడి పరిశీలన జరిపాక, 2012 జనవరిలో లైసెన్సు వచ్చింది. కెనడాలోని ఫండీ అఖాతంలో 2009లో దించిన ఓపెన్‌హైడ్రో టర్బైన్ వారాల్లోనే రెక్కలు పోగొట్టుకుంది. ఆ ఐరిష్ కంపెనీయే 2018 జులైలో అక్కడ 2 మెగావాట్ల మరో యంత్రాన్ని దించింది. కొద్ది రోజులకే మాతృసంస్థ నిధులు ఆపేసింది, కంపెనీ దివాలా తీసింది, యంత్రం సముద్రగర్భంలోనే ఉండిపోయింది. నీ ప్రాజెక్టు లెక్కలో యంత్రాన్ని దించే ఖర్చు పక్కనే పైకి తీసే ఖర్చూ రాసి, ఆ డబ్బు విడిగా దాచు.

పైకి తీయడం సంగతి బాగా ఎరిగినవాడు బ్రిటిష్ ఇంజనీరు పీటర్ ఫ్రెంకెల్. ఇప్పటి దక్షిణ సూడాన్‌లోని జూబా దగ్గర నైలు ప్రవాహంతో పొలాలకు నీరు తోడే తేలే టర్బైన్‌తో ఆయన మొదలుపెట్టాడు. 2003లో ఇంగ్లండ్‌లోని లిన్‌మత్ తీరంలో 300 కిలోవాట్ల యంత్రం, 2008లో ఉత్తర ఐర్లండ్‌లోని స్ట్రాంగ్‌ఫర్డ్ లోక్‌లో 1.2 మెగావాట్ల సీజెన్ అనే యంత్రం వచ్చాయి. సీజెన్ రెండు రోటర్లనూ స్తంభం వెంట నీటిపైకి లేపి, పడవ మీంచే మరమ్మతు చేసేవారు. షెట్లాండ్ దీవుల్లో 2016 నుంచి 100 కిలోవాట్ల యంత్రాలు నడిపిన నోవా ఇన్నోవేషన్, తర్వాతి నమూనాలో గేర్‌బాక్స్‌నే తీసేసింది. నీటి అడుగున కదిలే భాగం ఒకటి తగ్గితే పాడయ్యేదీ ఒకటి తగ్గుతుంది. నీ డ్రాయింగులో గేర్‌బాక్స్ ఉంది. దాన్ని మార్చాలంటే ఎవరు దిగాలి, ఎన్ని గంటలు పడుతుంది అన్నది రాయలేదు.

అనుమతుల గురించి ఒక ముక్క. సముద్ర శక్తిని పునరుత్పాదక శక్తిగా లెక్కించవచ్చని కేంద్రం 2019లో స్పష్టం చేసింది. కాలువలో మాత్రం గట్టూ నీరూ ఇరిగేషన్ శాఖవి. సాగునీటికి అడ్డం కాదని ముందు వాళ్లకు చూపించాలి. టర్బైన్ అడ్డం పెడితే ఎగువన నీటిమట్టం కొంత పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో అంకెల్లో చెప్పలేకపోతే ఆ ఫైలు కదలదు.

జూన్‌లో కాలువలు వదులుతారు. ఈలోగా ఇరిగేషన్ ఏఈ గారి అనుమతి తీసుకుని, ఒక కరెంట్ మీటర్ అద్దెకి తెచ్చుకో. మూడు చోట్లు ఎంచుకుని, ఉపరితలం నుంచి లోతులో 0.2 వంతు దగ్గర, 0.8 వంతు దగ్గర వేగం కొలిచి సగటు తీయి. వారానికి ఒకసారి, సీజన్ పొడుగునా కొలవాలి. గుర్రపు డెక్క ఎప్పుడొస్తుందో, నీరు ఎన్నాళ్లు నిండుగా పారుతుందో కాలువ చూసే లస్కర్‌ని అడిగి రాసుకో. ఆ మూడు చోట్లకి కిలోమీటరు లోపల డీజిల్ ఇంజన్లు ఎవరెవరికి ఉన్నాయి, నెలకి ఎంత తాగుతున్నాయి అన్నదీ అదే పట్టికలో చేర్చి పంపు. రెక్కల కొలతల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
తాతయ్య