కాలాముల ప్రశ్న, మన ఊరి హైస్కూలు



కోసల దేశంలో కేసపుత్తం అనే ఊరుండేది. అక్కడి కాలాములు బుద్ధుడి దగ్గరకొచ్చి తమ గోడు చెప్పుకున్నారు. వచ్చిన ప్రతి గురువూ తన మాటే నిజమంటాడు, పక్కవాడిది అబద్ధమంటాడు, మేం ఎవర్ని నమ్మాలి అని. నన్ను నమ్మండి అని బుద్ధుడు అనలేదు. తరతరాలుగా వస్తోందని నమ్మొద్దన్నాడు, గ్రంథంలో ఉందని నమ్మొద్దన్నాడు, మా గురువు చెప్పాడు కదా అని కూడా నమ్మొద్దన్నాడు.

మనవాళ్లు చాలామంది సుత్తాన్ని ఇక్కడే ఆపేస్తారు. ఇది సగమే. తర్వాత ఆయన వాళ్లనే అడిగాడు: లోభం పుడితే మనిషికి మేలా, కీడా? ద్వేషం పుడితే? మోహం పుడితే? జవాబులు వాళ్ల నోటితోనే చెప్పించాడు. అంటే ప్రశ్నకు ఒక కొలత ఇచ్చాడు. మేష్టరంటే అలా చెప్పాలి పాఠం.

ఇప్పుడు మన ఊరి హైస్కూలు సంగతి. రాజ్యాంగం 51ఎ అధికరణంలో ప్రాథమిక విధులున్నాయి. 1976లో 42వ సవరణతో చేర్చారు. శాస్త్రీయ దృక్పథం, మానవవాదం, తెలుసుకోవాలన్న తపన పెంచుకోవడం పౌరుడి విధి అని అందులోనే ఉంది. మన పిల్లలు దాన్ని మార్కుల కోసం బట్టీపడతారు. పత్తితీతల రోజుల్లో బడి మానిన పిల్లకైతే ఆ బట్టీ కూడా ఉండదు.

పాఠం పొలంలోనే ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరపతోటల్ని ఊడ్చేసింది. ఏ మందు కొట్టాలో కొట్టువాడే చెప్పాడు, అప్పు కూడా వాడే ఇచ్చాడు. వాడి మాట నమ్మాలా? అందులో వాడికేం లాభం? ఇంకెవర్ని అడగొచ్చు? తొమ్మిదో తరగతి పిల్లలు దీనిమీద గంటసేపు వాదించగలరు. అలాగే, కోతల్లో అమ్మకెంత కూలి, అదే పనికి మగమనిషికెంత? సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది కదా!

కానీ ఒకటి దాచకుండా చెప్పుకోవాలి. ఈ నేలమీద ప్రశ్నకు ఖరీదుంది. 1985లో కారంచేడులో మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు నీళ్లు మురికి చేస్తుంటే ఒక కుర్రాడు ఇదేంటని అడిగాడు. వాణ్ణి కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, జూలై 17న, పల్లెమీద పడి ఆరుగురిని చంపారు. పిల్లలకు ప్రశ్న నేర్పి, వాళ్లనొక్కళ్లనే ముందుకు తోసి, మనం అరుగుమీద కూర్చుంటే అది బాధ్యత కాదు. బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్ చెరువు నీళ్లు ఒంటరిగా తాగలేదు, వేలమందిని వెంటబెట్టుకుని వెళ్లారు.

పెద్దలకు చోటు ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగంమంది ఆడవాళ్లు ఉండాలి. మన వాడ నుంచి ఎంతమంది ఉన్నారు? ఉన్నవాళ్లు మీటింగులో నోరు తెరిచారా, సంతకం పెట్టి వచ్చేశారా? పిల్లల్ని మధ్యాహ్న భోజనం దగ్గర వేరే వరసలో కూర్చోబెడితే అడగాల్సింది ఆ పిల్ల కాదు, మనం.

ఇంట్లో సంగతీ చూసుకోవాలి. 22 ప్రతిజ్ఞలు చేసి, జ్వరమొస్తే తాయెత్తు కట్టించే ఇళ్లు మనలోనూ ఉన్నాయి. బాబాసాహెబ్ ఫొటోకే కొబ్బరికాయ కొట్టేవాళ్లూ ఉన్నారు. ఎందుకు నాన్నా అని పిల్లోడు అడిగితే నోర్ముయ్ అంటాం. వాడు బడిలో ఇంకేం అడుగుతాడు?

ఈ పున్నమికి వందన అయ్యాక పెద్దలంతా కిందే కూర్చుందాం. హైస్కూలు పిల్లల్ని తలా ఒక ప్రశ్న అడగమందాం, ధమ్మం మీదైనా, బడి మీదైనా, మన మీదైనా. జవాబు తెలియకపోతే తెలీదమ్మా, కనుక్కుని చెబుతాం అందాం. ఆ ప్రశ్నలు ఒక నోటుబుక్కులో రాసి ఉంచండి. వచ్చే కమిటీ మీటింగుకు అది పట్టుకెళ్లాలి.