హైదరాబాదు నుంచి జిద్దాకు: దూరం, సమయం, మీఖాత్

హైదరాబాదు నుంచి జిద్దాకు ఆకాశమార్గాన తిన్నగా కొలిస్తే సుమారు 4,100 కిలోమీటర్లు. ఎక్కడా ఆగని విమానానికి దాదాపు ఆరు గంటల ప్రయాణం. మీ సహాయంతో ఉమ్రాకు వెళ్ళే పెద్దల్లో చాలామంది విమానం ఎక్కడం అదే మొదటిసారి. వారికి టికెట్టు మీది లెక్కే ముందుగా తికమక పెడుతుంది.

సౌదీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. ఉదయం 10 గంటలకు బయలుదేరిన విమానం ఆరు గంటలు ఎగిరి అక్కడి మధ్యాహ్నం 1:30కి దిగుతుంది. చూడటానికి మూడున్నర గంటలే! ఆ లెక్క నమ్మి ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో వేసి పంపేస్తే చిక్కే. మందులు చేతిసంచిలోనే ఉండాలి. మోతాదుల వేళలు ముందుగా డాక్టరును అడిగి రాయించుకోవాలి. తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు విమానాన్ని ముందుకు తోస్తాయి కాబట్టి, తరచూ కొంత తక్కువ సమయం పడుతుంది. టికెట్టులో మాత్రం ఎక్కువ గంటలు కనిపిస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మీఖాత్. ఓడల కాలంలో, అంటే 1995 దాకా, బొంబాయి నుంచి వెళ్ళే హాజీలకు యలమ్లమ్ దగ్గరపడేసరికి స్నానం చేసి సిద్ధమయ్యే తీరిక ఉండేది. విమానంలో ఆ తీరిక లేదు. తాయిఫ్ దగ్గరి ఖర్నుల్ మనాజిల్ నుంచి జిద్దా విమానాశ్రయానికి సుమారు 130 కిలోమీటర్లే. మీఖాత్ ఎదురుగా వచ్చేసరికి దిగడానికి మిగిలేది అరగంట లోపే. ప్రకటన చేసినా అది అరబ్బీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది, మన పెద్దలు నిద్రలో ఉండవచ్చు. ఉమ్రా ఉద్దేశంతో వెళ్తూ ఇహ్రామ్ లేకుండా మీఖాత్ దాటితే వెనక్కి వెళ్ళి ఇహ్రామ్ కట్టుకోవాలి, లేదంటే దమ్ ఇవ్వాలి. పేదవారికి అది ఎంత భారమో చెప్పనక్కరలేదు.

అందుకే పురుషులు ఇహ్రామ్ వస్త్రాలు ఇంటి దగ్గరో ఇక్కడి విమానాశ్రయంలోనో కట్టుకోవడమే మేలని మేము చెబుతాము. వస్త్రం కట్టినంత మాత్రాన ఇహ్రామ్ కాదు. నియ్యత్ చేసి తల్బియా పలకాలి, అదీ మీఖాత్‌కు ముందే. స్త్రీలకు ప్రత్యేక వస్త్రం లేదు గాని నియ్యత్ తప్పదు. దుబాయిలోనో దోహాలోనో విమానం మారేవారు రెండో విమానం ఎక్కేలోగా సిద్ధం కావాలి. ముందుగా మదీనాకు వెళ్ళేవారికి మాత్రం ఇక్కడ ఇహ్రామ్ అవసరం లేదు. వారు మక్కాకు బయలుదేరినప్పుడు జుల్ హులైఫా దగ్గర కట్టుకుంటారు.

రమజానులో ఉపవాసంతో పడమరకు ఎగిరేవారికి పగలు సాగుతుంది. ఇఫ్తారుకు హైదరాబాదు వేళ చూడకూడదు. విమానం ఎత్తులో ఉన్నంతసేపు కిందివారికి సూర్యుడు కనుమరుగైనా పైనున్నవారికి ఇంకా కనిపిస్తాడు. కిటికీ పక్కన కూర్చున్నవారు చూసి చెబితే మిగతావారు ఖర్జూరం నోట్లో వేసుకోవచ్చు.