పద్యంలో పట్టని మాట

మన బెజవాడలోని యుద్ధమల్లుని శాసనం 10వ శతాబ్ది నాటిది, అందులోవి మధ్యాక్కరలు. ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణగారి ‘మధ్యాక్కరలు’ 1962లో సాహిత్య అకాడమీ బహుమతి పొందాయి. అంతటి ఛందస్సులో చెయ్యి పెట్టి నేను భంగపడ్డాను.

బి.ఎస్సీ. చదివే రోజుల్లో కాలేజీ డేకి ఒక మధ్యాక్కర రాయబోయాను. ‘విద్యార్థుల్లో’ అన్న మాట ఉండి తీరాలని నా పట్టు. మూడు రాత్రులు కూర్చున్నా పాదం కుదరలేదు. నాకు కవిత్వం రాదని తేల్చుకుని కాగితం చింపేశాను. తెలుగు మాస్టారు విని, “లెక్కలవాడివి కదా, ముందు గణాలు లెక్క చూసుకోవద్దుటోయ్?” అన్నారు.

చూద్దాం. గురువు గ, లఘువు ల. పాదంలో రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్ళీ అంతే. ఇంద్రగణాలు ఆరు: లలలల, లలలగ, లలగల, గలల, గలగ, గగల. సూర్యగణాలు రెండు: లలల, గల. మన ఊళ్ళ పేర్లే తీసుకోండి: గుడివాడ లలగల, బందరు గలల, ఉయ్యూరు గగల. పాదానికి మొత్తం 6×6×2×6×6×2 = 5,184 వరసలు.

‘విద్యార్థుల్లో’ గగగగ. 5,184 వరసలూ రాసి వెతకనక్కర్లేదు. లఘువు లేని గణం లేదు. గణం చివర గురువు ఒకటికి మించదు, మొదట రెంటికి మించవు. కాబట్టి పాదంలో వరసగా మూడు గురువులే గరిష్ఠం. నాలుగు ఎన్నటికీ రావు!

గణనియమం లేని వరసల్లో ఇంకో వింత ఉంది. పది అక్షరాలకు గురులఘువుల వరసలు 1,024. వాటిలో ‘గల’ ఎక్కడా రానివి 11 మాత్రమే. లఘువులన్నీ ముందు, గురువులన్నీ వెనక ఉండాలి మరి. ‘గగ’ రానివి మాత్రం 144. రెండూ రెండక్షరాలవే కదా, ఎందుకీ తేడా? ‘గగగ’లో ‘గగ’ రెండుసార్లుంది. అంటే తన మీద తనే ఒరుగుతుంది. అందుచేత కొన్ని వరసల్లోనే గుంపుగా చేరి, ఎక్కువ వరసల్ని వదిలేస్తుంది. ఈ ఒరుగుడుని బట్టి లెక్కించే పద్ధతిని గిబాస్, ఒడ్లిజ్కో 1981లో విపులంగా చూపారు.

చివరికి మాస్టారు ‘ల్లో’ని విడదీయించారు: “చదువు విద్యార్థులలోన”. లలలగ, గలల, గల. సగం పాదం చక్కగా కూర్చుంది.

మిత్రులారా, ‘దొరకలేదు’ వేరు, ‘లేదు’ వేరు. మొదటిది మన అలసట, రెండోది రుజువు. ఆ తేడా తెలియకే నేను మూడు రాత్రులు నన్ను నేను తిట్టుకున్నాను. మీరు కాగితం చింపే ముందు ఒకసారి లెక్క చూసుకోండి.