గీజరులో థర్మోస్టాట్: పొదుపు, భద్రత

సముద్రానికి చేరువలో ఉన్న బరంపురంలో శీతకాలం తీవ్రం కాదు. కంధమాల్ కొండలలోని దారింగ్‌బాడి వలె ఇక్కడ గదులను వేడి చేసుకోవలసిన అవసరం అరుదు. ఇక్కడి ఇళ్లలో విద్యుత్తుతో వేడి చేసేది ముఖ్యంగా స్నానపు నీటినే.

పనితీరు

నీరు నిర్ణీత ఉష్ణోగ్రతకు చేరగానే విద్యుత్తును ఆపి, చల్లబడగానే తిరిగి అందించే సాధనం థర్మోస్టాట్. గది హీటరులో అది గాలి వేడిని, గీజరులో నీటి వేడిని గమనిస్తుంది. స్మార్ట్ థర్మోస్టాట్‌లో వేళల నియమం కూడా తోడవుతుంది. ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో ఫోనులోనే నిర్ణయించవచ్చు. బకెట్టులో ఉంచే ఇమ్మర్షన్ రాడ్డుకు సాధారణంగా ఇట్టి అదుపు ఉండదు. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే ఆ నీటిని తాకాలి.

ఖర్చు లెక్క

25 డిగ్రీల నీరు 15 లీటర్లను 60 డిగ్రీలకు కాచడానికి సుమారు 0.61 యూనిట్లు, 50 డిగ్రీలకు 0.44 యూనిట్లు పడతాయి. 2000 వాట్ల గీజరుకు ఇది వరుసగా 18, 13 నిమిషాల పని. అయితే వేడి నీటిలో చన్నీళ్లు కలుపుకొనే వారికి ఒక్క స్నానానికి అయ్యే ఖర్చులో పెద్ద తేడా ఉండదు. అసలు నష్టం, వాడకుండా ట్యాంకులో మిగిలి చల్లారే నీటిది. గీజరు రోజంతా ఆన్‌లో ఉంటే ఆ నీరే మళ్లీ మళ్లీ కాగుతుంది. కనుక స్నానానికి ఇరవై నిమిషాల ముందు మొదలై, తరువాత ఆగేటట్లు వేళ నిర్ణయించుకోవడం మేలు. కొన్ని రోజులు వాడని ట్యాంకులోని నీటిని మాత్రం ఒకమారు 60 డిగ్రీలకు కాచాలి. నిలవ నీటిలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. అంత వేడి నీరు పసిపిల్లల, వృద్ధుల చర్మాన్ని క్షణాల్లో కాల్చగలదు. చన్నీళ్లు కలిపి, చేతితో చూసిన పిదపనే పోయాలి.

జాగ్రత్తలు

2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. దీనిని 6 ఆంపియర్ల సాకెట్టుకు తగిలించరాదు. సాకెట్టు, స్మార్ట్ ప్లగ్గు రెండూ 16 ఆంపియర్లవే కావాలి. అద్దె ఇంట్లో చేరేటప్పుడే ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నవో లేవో ఇంటి యజమానిని అడిగి తెలుసుకోవాలి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ సమీపంలో తీరం దాటిన సంగతి గంజాం వాసులు మరువలేరు. తుపాను హెచ్చరిక వెలువడగానే గీజరు స్విచ్ ఆపాలి. కరెంటు తిరిగి రాగానే కొన్ని స్మార్ట్ పరికరాలు వాటంతట అవే ఆన్ కావచ్చు. నీట మునిగిన సాకెట్టును, గీజరును ఎలక్ట్రీషియన్ పరీక్షించే వరకు వాడరాదు. తెగిన తీగ కనిపిస్తే దూరంగా ఉండి 1912కు తెలపాలి.

అభ్యాసం

1. మీ గీజరు ఎన్ని వాట్లది? దాని సాకెట్టు ఎన్ని ఆంపియర్లది?
2. గీజరు రోజంతా ఆన్‌లో ఉంటే విద్యుత్తు ఎందుకు వృథా అవుతుంది?
3. ఇమ్మర్షన్ రాడ్డుకు, గీజరుకు గల ముఖ్య భేదమేమి?