వేసవిలో శని, ఆదివారముల వెచ్చముల లెక్క

వేసవి సెలవులలో శని, ఆదివారములందు బిడ్డలును బంధువులును ఇంట చేరుదురు. ఆవకాయ పనియు, పెండ్లి ప్రయాణములును అప్పుడే వచ్చును. ఆ తొందరలో అంగడియందు అప్పు వ్రాయించి తెచ్చిన వెచ్చములు, తుదకు తొలకరి విత్తనముల సొమ్మును తినివేయుట మేము పలు గ్రామములలో చూచుచున్నాము. కావున శుక్రవారము రాత్రియే ఇంటి ఇల్లాలితో కూర్చుండి లెక్క వ్రాసికొనవలెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము, దినమునకు 2000 కేలరీలు కావలసిన వారికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పు 85 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండవలెను. ఈ లెక్కను అయిదుగురికి రెండు దినములకు కూరలు 4 కిలోలు, పప్పు 850 గ్రాములు, పాలు 3 లీటర్లు అగును. గ్రుడ్లు, మాంసము కొన్నచో ఆ మేరకు పప్పు తగ్గింపవచ్చును.

మొదట ఈ మూడింటికి సొమ్ము వేరుచేయుడు. పిమ్మట బియ్యము, నూనె. మిగిలినదానితోనే చిరుతిండ్లు. సీసా పానీయములకు మారుగా మజ్జిగయు, రాగి అంబలియు చాలును. పెరటి మునగాకునకు పైస అక్కరలేదు. కొనెడి ఆకుకూర ఎండకు వాడును గనుక ఏనాటికానాడు తెచ్చుకొనుడు. ఆవకాయకగు నూనె, కారము, ఆవపిండి సంవత్సరమునకు చెందిన ఖర్చు. దానిని వేరుగా వ్రాయుడు.

ఆదివారము రాత్రి లెక్క సరిచూచి, మిగిలినది సంఘమునందలి పొదుపు ఖాతాలో వేయుడు. విత్తనముల సొమ్ము నిలిచిన ఇంటివారు తొలకరినాడు అప్పుకొరకు ఒకరి గడప త్రొక్కనక్కరలేదు.